యాభైరెండో పేరు

మి లూన్ ఎవరని ఈ పగాన్ ఊళ్ళో ఎవర్నడిగినా ఒకటే చెబుతారు. పుణ్యాత్మురాలు, బుద్ధుడి సేవలో బతుకు పండించుకుంది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది. సేవ చేసింది, నిజమే. కానీ తనంతట తాను చెయ్యలేదు, చేయించారు. ఆ తేడా తెలియని వాళ్ళు ఆమె పేరు ఎత్తకపోతే మేలు.

నా పేరు మి సాన్. చనిపోయిన మంత్రిగారి భార్య ఇంట్లో వంట చేసేదాన్ని. జీతానికి కాదు. నేను ఆ ఇంటి బానిసని, మా అమ్మ కూడా ఆ ఇంటి బానిసే. మి లూన్ అలా కాదు. ఆమె ఎవరి సొత్తూ కాదు. ఇటుక బట్టీలో కూలి చేసుకుని, సాయంత్రం ఐరావతి నదిలో మునిగి, తడి జుట్టుతో తన ఇంటికి తాను పోయే మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని.

తల మీద పద్దెనిమిది ఇటుకలు పెట్టుకుని పరంజా ఎక్కేది. మగవాళ్ళు పన్నెండు దగ్గర ఆగిపోయేవాళ్ళు. ఒకసారి కొత్త మేస్త్రీ ఒకడు ఎగతాళిగా, "ఏమమ్మా, తల మీదేనా, తల లోపల కూడా ఇటుకలేనా?" అన్నాడు. "లోపల ఖాళీ లేదయ్యా. నీకైతే బోలెడంత చోటుంది, ఓ నాలుగు పెట్టుకో" అంది, నిచ్చెన మీద నుంచే, వెనక్కి తిరగకుండా. బట్టీ అంతా పగలబడి నవ్వింది. ఆ మేస్త్రీ మళ్ళీ ఆమె జోలికి పోలేదు.

మొగుడు ఉత్తరాన యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు, యిన్, తొమ్మిదేళ్ళది. ఆ పిల్లని నేతపనిలో పెట్టాలని మి లూన్ కోరిక. మగ్గానికి కావలసిన కొయ్యలు ఒక్కొక్కటే సంపాదించి ఇంటి చూరులో దోపి ఉంచింది. "నా పిల్ల నెత్తిన ఇటుక పెట్టనివ్వను. నీడలో కూచుని చేసుకునే పని నేర్పిస్తా. నచ్చినవాణ్ణి చేసుకుంటుంది, నచ్చకపోతే మానేస్తుంది" అనేది. బతుకులో ఆమె అడిగింది ఆ ఒక్కటే.

ఆమెకి ఒక జబ్బు ఉండేది. అబద్ధం ఆడలేదు. నేను రోజుకి పది ఆడతాను, బానిస ఇంట పుట్టినదానికి అది అన్నం తిన్నంత తేలిక. ఆమె మాత్రం చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట పట్టుకుని కూచుంది. దానం చేసేటప్పుడు వదిలిన నీళ్ళని భూమమ్మ తన జుట్టులో దాచుకుంటుందనీ, ఆ తడి ముందు అన్న మాటలు కూడా అందులోనే ఉండిపోతాయనీ, ఏదో ఒక రోజు జుట్టు పిండితే అన్నీ బయటికొస్తాయనీ. మా ఊళ్ళో అందరూ నమ్ముతారు దీన్ని. నమ్ముతూనే అబద్ధాలు ఆడతారు. ఆమె అలా రెండూ చెయ్యలేకపోయింది.

ఇక మా అమ్మగారి సంగతి. మంత్రిగారు పోయాక ఆవిడకి పుణ్యం పిచ్చి పట్టుకుంది. గుడి కట్టించింది. గుడికి పొలాలిచ్చింది, ఎద్దులిచ్చింది, తాటితోపు ఇచ్చింది. చివరికి యాభైరెండు మంది బానిసల్ని ఇస్తానంది. గుడి ఊడవడానికి, దీపాలు పెట్టడానికి, బుద్ధుడికి అన్నం వండడానికి. జాబితాలో నా పేరు కూడా ఉంది.

మనిషి ఇంట్లో బానిస వేరు, బుద్ధుడి బానిస వేరు. మనిషి దగ్గర ఉన్నదాన్ని ఎవరైనా ఏదో ఒకటి ఇచ్చి విడిపించుకోవచ్చు. యజమాని చచ్చేముందు మనసు కరిగి వదిలెయ్యవచ్చు. బుద్ధుడికిచ్చాక అది ఉండదు. నువ్వు, నీ పిల్లలు, వాళ్ళ పిల్లలు, గుడి ఇటుకలు మట్టిలో కలిసిపోయేదాకా గుడివాళ్ళే. నా మొగుడు పోలాత్ పడవవాడు, స్వతంత్రుడు. తన పడవే ఇచ్చి నన్ను విడిపించుకుంటానని అమ్మగారి కాళ్ళావేళ్ళా పడుతూ ఉండేవాడు. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అతను నది ఎగువకి సరుకు తీసుకుని పోయి ఉండగా ఈ జాబితా తయారైంది.

వానలు వెనకబట్టిన పున్నమి రోజున దానం. జ్యోతిష్కుడు ముహూర్తం పెట్టాడు. ఒక్కరు తక్కువైనా ముహూర్తం తప్పుతుందనీ, తప్పితే వీపు చీరేస్తాననీ ముందురోజే పెత్తందారు మమ్మల్ని బెదిరించాడు. నాకు నెలలు నిండి ఉన్నాయి. పొద్దున అందరితో పాటు గుడి దగ్గరికి నడుస్తున్నాను. సరిగ్గా ఇటుక బట్టీ పక్కకి వచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. కాళ్ళు చచ్చుబడి అక్కడే కూలబడ్డాను. మి లూన్ పరుగున వచ్చి నన్ను బట్టీ వెనకాల పాకలోకి చేర్చింది, మంత్రసానిని పిలిపించింది.

"అక్కా, నేను అక్కడ లేకపోతే చంపేస్తారే" అని ఏడ్చాను.

"నువ్వు ఇక్కడ లేకపోతే పిల్లాడు చస్తాడు" అంది. ఒక్క నిమిషం ఆలోచించింది. "నేను పోయి నీ చోట నిలబడతా. నీ పేరు పిలుస్తారు. 'ఉన్నా' అంటా. నేను అక్కడ ఉంటా కాబట్టి అది అబద్ధం కూడా కాదు. అయిపోగానే వచ్చేస్తా. ఈలోపు నువ్వు కనేసెయ్."

"నీ పేరేంటని అడిగితే?"

"బానిసల పేర్లు ఎవడడుగుతాడే, పిచ్చిమొహమా" అని నెత్తిన చుట్టకుదురు తీసి పక్కన పడేసి వెళ్ళిపోయింది.

తరవాత జరిగింది నేను చూడలేదు. చూసినవాళ్ళు నాకు వందసార్లు చెప్పారు. లెక్కకి తలలే చూశారట, మొహాలు ఎవరూ చూడలేదట. అమ్మగారు బంగారు కలశం పట్టుకుని నీళ్ళు వదలడానికి సిద్ధంగా ఉంది. లేఖకుడు తాటాకు తీసి పేర్లు చదవబోయాడు. అప్పుడు పెద్ద భిక్షువు చెయ్యెత్తి ఆపాడట. చాలా మంచి మనిషి, చీమని తొక్కడు. "వీళ్ళకి కూడా పుణ్యంలో భాగం రావాలి. ఒక్కొక్కరూ వచ్చి తడి నేల మీద అరచెయ్యి ఆనించి, ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోండమ్మా" అన్నాడట. ఎప్పుడూ లేని ఆచారం ఆ రోజే, మా మీద దయతో, ఆయనకి తోచింది. ఆ దయ వల్లే ఆమె కొంప మునిగింది.

మి లూన్ వంతు వచ్చింది. అందరికంటే చివర నిలబడింది, యాభైరెండోది. అరచెయ్యి నేలకి ఆనించింది. అమ్మగారు నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మట్టిలోకి ఇంకుతున్నాయి. మి సాన్ అనాలి. రెండే అక్షరాలు. నేనైతే కళ్ళు మూసుకుని అనేసేదాన్ని. ఆమె తడిసిన ఆ నేలనే చూసిందట. చివరికి "మి లూన్" అంది.

లేఖకుడు ఆకు చూసుకుని, "ఇక్కడ మి సాన్ అని ఉందే?" అన్నాడు.

"నా పేరు మి లూన్" అంది.

అంత శ్రద్ధగల మనిషి ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు. ఆకు మీద నా పేరు గీకేసి ఆమె పేరు రాసుకున్నాడు. ఎవరివి నువ్వు, ఎక్కణ్ణించి వచ్చావు, ఒక్క ముక్క అడగలేదు. పేరు సరిగ్గా ఉందా లేదా, అంతవరకే అతని పని.

ఆమె తిరిగొచ్చేసరికి నా కొడుకు కేరుమంటున్నాడు. ఆమె చేతికి ఇంకా మట్టి ఉంది. "పేరు పిలవలేదే, నన్నే చెప్పమన్నారు. నాది చెప్పేశా. ఏం కాదులే, రేపు పోయి దిద్దించుకుంటా" అంది. అంత తేలిగ్గా తీసుకుంది. బట్టీలో ఇటుక మీద ఊరి పేరు తప్పుగా అచ్చుపడితే పచ్చిగా ఉండగానే చెరిపి మళ్ళీ కొడతారు. ఇదీ అలాంటిదే అనుకుంది.

మర్నాడు లేఖకుడి దగ్గరికి పోయింది. "ఆకు మీదైతే ఇప్పుడే దిద్దుతా తల్లీ, నాకేం పోయింది" అన్నాడు అతను. "నీళ్ళని ఎలా దిద్దను? నీ పేరు మీద పడ్డాయి. భూమి తాగేసింది. పైగా శాపవాక్యం కూడా అప్పుడే చదివేశారు."

ఆ శాపం మా అమ్మగారే స్వయంగా కూర్చుకుంది, ఎంతో ముచ్చటపడి. ఈ గుడికిచ్చిన వాళ్ళలో ఒక్కర్ని వెనక్కి తీసుకున్నా, విడిపించినా, అది రాజైనా మంత్రైనా నా కడుపున పుట్టినవాళ్ళైనా నేనైనా సరే, అవీచి నరకంలో అట్టడుగున పడి ఉడకాలి, ఏ బుద్ధుడు పుట్టినా అతన్ని చూసే భాగ్యం ఉండకూడదు అని. దాన్ని రాతి మీద చెక్కించే పని అప్పటికే మొదలైంది.

మి లూన్ అమ్మగారి దగ్గరికి పోయింది. ఆవిడ చాప వేయించి కూచోబెట్టింది, ఊరబెట్టిన తేయాకు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. అంతా విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అమ్మగారూ, నేను మీ మనిషిని కాదు. మీది కాని దాన్ని మీరెలా ఇచ్చారు?" అంది మి లూన్.

"తెలిసి ఇవ్వలేదు కదమ్మా. తెలియక ఇచ్చినా దానం దానమే. ఇప్పుడు నేను వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో నీకు తెలుసుగా. ముసలిదాన్ని. నన్ను నరకానికి పంపుతావా, చెప్పు?"

"మీరు పోకుండా ఉండడానికి నన్ను పొమ్మంటారా?"

"నువ్వు పోయేది నరకానికి కాదు, బుద్ధుడి దగ్గరికి" అని ఆమె చెయ్యి పట్టుకుని నిమిరిందట. ఆ నిమరడం గురించి చెబుతున్నప్పుడు మి లూన్ తన చేతిని తుడుచుకుంటూనే ఉంది.

పెద్ద భిక్షువు దగ్గరికి పోయింది. ఆయన ఆమెకంటే ముందే ఏడ్చాడు. "నావల్లే జరిగిందమ్మా. నా చేతిలో ఉంటే ఈ క్షణమే వదిలేద్దును. కానీ మాదంటూ ఏముంది? గుడిలో ఒక్క బియ్యపు గింజ మాది కాదు. అంతా ఆయనది."

"అయితే ఆయన్నే అడుగుతా. ఎక్కడున్నాడు స్వామీ?"

"నిర్వాణం చేరాడమ్మా. అడగడానికి లేడు."

"ఇవ్వడానికి లేడు, తీసుకోవడానికి మాత్రం ఉన్నాడా?"

ఆయన తల దించుకున్నాడు. అంత చదివినవాడు, బట్టీలో ఇటుకలు మోసే ఆడదాని ముందు తల దించుకున్నాడు. దించుకుంటే ఏం లాభం? ఆమె పేరు అలాగే ఉంది.

న్యాయాధికారి దగ్గరికి పోయింది. బట్టీ జనం పదిహేను మంది సాక్ష్యానికి వెళ్ళారు. మి లూన్ పుట్టినప్పటి నుంచీ స్వతంత్రురాలని, వాళ్ళ అమ్మా అయ్యా కూడా స్వతంత్రులేననీ చెప్పారు. న్యాయాధికారి అంతా విని, ఈమె స్వతంత్రురాలేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. మావాళ్ళు సంబరపడిపోయారు. అప్పుడాయన శాపవాక్యం ఒకసారి చదవమన్నాడు. విన్నాడు. మంచినీళ్ళు తెప్పించుకుని తాగాడు. "ఇది నా అధికారంలోకి రాదు" అని లేచి లోపలికి పోయాడు.

ఆఖరికి మా అందరి ఇళ్ళలో కొలిచే దేవుడు, పోపా కొండ మీది మహాగిరి దొర దగ్గరికి కూడా పోయింది. కొబ్బరికాయకి ఎర్రగుడ్డ చుట్టి పట్టుకెళ్ళింది. పూనకం వచ్చినామె ఊగి ఊగి, "అది పెద్దాయన సొత్తు, నేను చెయ్యి పెట్టను" అంది. కొబ్బరికాయ మాత్రం ఉంచుకుంది. ఇంత పెద్ద ఊళ్ళో, వెయ్యి గుళ్ళు, ఇంతమంది దేవతలు, రాజు, న్యాయస్థానం, శాస్త్రాలు. ఒక కూలి మనిషి, నేను నా ఇంటికి పోతాను మొర్రో అంటే, పో అనడానికి ఒక్కడికీ దమ్ము లేకపోయింది. అందరూ మంచివాళ్ళే. అందరూ ఏడ్చారు. ఒక్క దుర్మార్గుడైనా ఉండి ఉంటే వాణ్ణి తిట్టుకునైనా బతికేవాళ్ళం.

ఇన్ని గడపలు తొక్కింది కదా, ఒక్కచోట కూడా మి లూన్ తన కూతురి మాట ఎత్తలేదు. నాకదే వింతగా ఉండేది. తొమ్మిదేళ్ళ పిల్ల ఉందయ్యా అని ఆ పిల్లని ముందు నిలబెట్టి ఏడిస్తే రాయైనా కరుగుతుంది కదా అనుకునేదాన్ని. పొగరు, ఎవరి ముందూ చెయ్యి చాచదు, అదే ఆమెని ముంచుతోంది అనుకునేదాన్ని. దానం జరిగిన మర్నాడే యిన్‌ని కుమ్మరివాళ్ళ ఊళ్ళో వాళ్ళ చిన్నమ్మ దగ్గరికి పంపేసింది. ఈ పని మీద తిరగాలి, పిల్లని చూసుకునే తీరిక లేదు, అందుకే అనుకున్నాను.

నేనేమో ఆ పాకలోనే నిప్పు పక్కన బాలింత మంచంలో పడుకుని, పసుపు పూసుకుని, ఆమె వండి తెచ్చిన అన్నం తింటూ ఈ కబుర్లన్నీ వింటున్నాను. మూడో రోజు అమ్మగారి ఇంటి నుంచి కబురొచ్చింది. యాభైరెండు లెక్క నిండింది కాబట్టి మి సాన్ వంటింట్లోనే ఉంటుంది అని. ఆ మాట విని నాకు సంతోషం వేసింది. దాచడం దేనికి? నా కొడుకు తల నిమురుతూ, నువ్వు తప్పించుకున్నావురా అనుకున్నాను. పక్కన మి లూన్ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తోంది. ఆమె వైపు చూడలేకపోయాను.

ఇరవై రోజులు అలా మింగలేక కక్కలేక గడిపాను. పాలు తాగుతున్న పిల్లాడి మొహం చూస్తే నోరు రాదు, మి లూన్ మొహం చూస్తే నిద్ర రాదు. ఇరవయ్యొకటో రోజున ఇంక ఉండబట్టలేక లేచాను. ఎవరికీ చెప్పలేదు. మి లూన్‌కి కూడా చెప్పలేదు. చెబితే ఆపుతుందని. జీవితంలో ఒక్కసారి నేను కూడా మంచి పని చేద్దామనుకున్నాను. పిల్లాణ్ణి గుడ్డలో చుట్టుకుని గుడి దగ్గరికి పోయాను.

అమ్మగారు శిల్పి దగ్గర కూచుని శాసనం చూసుకుంటోంది. లేఖకుడు పక్కనే ఉన్నాడు. శిల్పి చివరి వరసలకి వచ్చాడు. నేను పోయి నేల మీద అరచెయ్యి ఆనించాను.

"అమ్మగారూ, యాభైరెండోదాన్ని నేను. నన్ను తీసుకోండి, నా కొడుకుని తీసుకోండి. మి లూన్‌ని వదిలెయ్యండి" అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. కరుగుతోంది అనుకున్నాను. ఇంకొంచెం ఊదితే చాలు అనుకున్నాను.

"తొమ్మిదేళ్ళ ఆడపిల్ల ఉందమ్మగారూ ఆమెకి. తండ్రి లేడు. ఆ పిల్ల మొహం చూసైనా వదిలెయ్యండి" అన్నాను.

లేఖకుడు తల ఎత్తాడు. "పిల్ల ఉందా? నాకు చెప్పలేదే. పేరు?"

"యిన్" అన్నాను.

"ఎక్కడుంటుంది?"

"కుమ్మరివాళ్ళ ఊళ్ళో, చిన్నమ్మ దగ్గర" అన్నాను. జాలిపడి అడుగుతున్నాడనుకున్నాను. నా నోరు పడిపోను.

అమ్మగారు లేచొచ్చి నన్ను లేవదీసింది. ఆవిడ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఎవరూ పిలవకుండా నీ అంతట నువ్వే వచ్చావా తల్లీ. ఇంత భక్తి నేనెక్కడా చూడలేదు. తీసెయ్యడానికి వీల్లేదు కానీ, చేర్చడానికి ఏ శాపమూ లేదు" అని లేఖకుడి వైపు తిరిగింది. "యాభైఅయిదు అని రాయి."

నేను, నా కొడుకు, యిన్. శిల్పికి చోటు చాలక ఆ మూడు పేర్లూ చివరి వరసలో చిన్న అక్షరాలతో ఇరికించాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని ఏడుస్తుంటే, ఆనందం పట్టలేక ఏడుస్తోందని చుట్టూ ఉన్నవాళ్ళు నాకు దణ్ణం పెట్టారు.

పొద్దు వాలకముందే ఎద్దుబండి పంపి కుమ్మరివాళ్ళ ఊరి నుంచి యిన్‌ని తీసుకొచ్చారు. ఆ పిల్ల చేతిలో చిన్నమ్మ చేసిచ్చిన మట్టి ఆవు ఉంది. బండి దిగి తల్లిని చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది, "అమ్మా, నన్ను బండిలో తీసుకొచ్చారు" అంటూ. మి లూన్ పిల్లని దగ్గరికి తీసుకుంది. ఎవరు చెప్పారు అని అడిగింది. లేఖకుడు నావైపు చూపించాడు. ఆమె ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. చెంప పగలగొట్టినా నాకు హాయిగా ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం పోలాత్ వచ్చాడు. పడవ రేవులో కట్టేసి, తాడు భుజాన వేసుకుని, మి లూన్ కోసం నేరుగా గుడి వెనకాల మాకిచ్చిన పాక దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కొడుకుని ఎత్తుకుని ముద్దులాడాడు.

"పదండి, పదండి. అమ్మగారితో మాట్లాడి పడవ అప్పజెప్పేస్తా. కింద నది సముద్రంలో కలిసే చోట ఒక ఊళ్ళో నాకు వేరే పడవ మీద పని దొరికింది. పెద్దదేదీ, యిన్? అక్క కబురు పెట్టింది కదా, నాకు ఇంత పెద్ద కూతురుందని ఎవరికి చెప్పినా నమ్ముతారా అని దారంతా నవ్వుకుంటూ వచ్చా" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. మి లూన్ వైపు చూశాను. చీపురు పుల్లలు కట్ట కడుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది, మామూలు మాట చెప్పినట్టు.

"అప్పటికి నీ పేరు రాయి మీద లేదు కాబట్టి నిన్ను విడిపించే వీలుంది. నీతో పాటు యిన్‌ని నీ కూతురని చెప్పి పడవెక్కించుదామనుకున్నా. అబద్ధం నేను ఆడలేను, నువ్వైతే చక్కగా ఆడతావు. పోలాత్‌కి ఎగువకి పోయే పడవవాళ్ళతో కబురు పంపించా. నాకొక పిల్ల ఉందని లేఖకుడికి తెలియదు. తెలియనివ్వద్దని బట్టీలో అందరికీ చెప్పా. నలభై మంది. న్యాయాధికారి ముందు పదిహేను మంది నిలబడి సాక్ష్యం చెప్పారు, ఒక్కడు నోరు జారలేదు. ఆ కొత్త మేస్త్రీ కూడా జారలేదు, నేను వాడిని అంత తిట్టినా."

"నాకెందుకు చెప్పలేదే అక్కా" అన్నాను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మగారి వంటింటి ఆడవాళ్ళు రోజూ నిన్ను చూడ్డానికి వస్తున్నారు. పోలాత్ వచ్చిన రోజు చెబుదామనుకున్నా. నువ్వు మంచంలోంచి లేచి పోతావనుకోలేదు."

పోలాత్ నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. భుజం మీది తాడు జారి కింద పడింది. అది తీసుకోకుండానే రేవు వైపు నడిచి వెళ్ళిపోయాడు. తరవాత ఏడాదికోసారి వచ్చి కొడుకుని చూసి పోయేవాడు. పడవ ఆయన దగ్గరే ఉండిపోయింది, ఎవరికీ అక్కర్లేకుండా.

ఆ మధ్యాహ్నం నేను మి లూన్ కాళ్ళ దగ్గర కూచున్నాను. నలభై మంది కూలివాళ్ళు మూసుకున్న నోరు నేను తెరిచాను. అమ్మగారిని తిట్టాను, భిక్షువుని తిట్టాను, న్యాయాధికారిని తిట్టాను. వాళ్ళు ఆమెని ఒక్కదాన్నే పట్టుకున్నారు. పిల్లని పట్టిచ్చింది నేను.

"అక్కా, నామీద కోపంగా ఉందా?" అని అడిగాను. లేదు అంటుందని అడిగాను. ఎదుటివాళ్ళు కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే ఎవరైనా లేదనే అంటారు.

"ఉంది" అంది. "చచ్చేదాకా ఉంటుంది. పిల్లాడు ఏడుస్తున్నాడు, పాలు పట్టు."

ఇరవయ్యారేళ్ళు ఒకే పాకలో ఉన్నాం, ఒకే కుండలో వండుకు తిన్నాం. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది. నా కొడుక్కి నడక నేర్పింది, పరంజా ఎక్కడం నేర్పింది. యిన్‌కి గుడి బానిసతోనే పెళ్ళి చేశారు. నచ్చాడా అని ఎవరూ అడగలేదు. దానికి పిల్ల పుట్టినప్పుడల్లా లేఖకుడు ఆకు పట్టుకుని వచ్చి, పేరు సరిగ్గా కనుక్కుని రాసుకుని పోయాడు. ఆ రోజుల్లో మి లూన్ అన్నం ముట్టేది కాదు.

పోయిన వేసంగిలో మంచం పట్టింది. ఆఖరి రోజు పొద్దున నోట్లో నీళ్ళు పోస్తూ మళ్ళీ అడిగాను, ఇరవయ్యారేళ్ళ తరవాత.

"ఇంకా ఉందా అక్కా?"

నీళ్ళు మింగింది. నా చెయ్యి పట్టుకుంది, గట్టిగానే.

"ఉంది" అంది.